నాన్న రాయించిన బదిలీ ఉత్తరం

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో స్టోర్స్ గుమాస్తా. అక్కడ ఒక బోల్టు బయటికి వెళ్ళాలన్నా కాగితం ఉండాలి, లోపలికి రావాలన్నా కాగితం ఉండాలి. ఇరవై రెండేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి లోకమంతా స్టోర్స్ లాగే కనిపిస్తుంది కాబోలు. వాల్తేరు యూనివర్సిటీలో నాకు ఎమ్మెస్సీ సీటు వచ్చిందని ఉత్తరం అందిన రోజు ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు, మళ్ళీ అవే మడతల మీద మడిచాడు, "ఒరిజినల్స్ మాత్రం ఎవడి చేతికీ ఇవ్వకు" అన్నాడు. సంతోషించాడో దిగులుపడ్డాడో నాకు తెలియలేదు. అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరం. నా పదకొండో ఏట అమ్మ పోయింది. ఆ తర్వాత నేనూ నాన్నా మాట్లాడుకున్న మాటలన్నీ పోగేసినా ఒక నోటుబుక్కు నిండదు. పాలు వచ్చాయా, గొళ్ళెం పెట్టావా, గొడుగు తీసుకెళ్ళు, ఇంతే. నాన్న చెడ్డవాడు కాడు. తాగడు, అరవడు, నా చదువుకి ఏనాడూ అడ్డం చెప్పలేదు. కానీ ఆయనతో ఒక సాయంత్రం గడపడమంటే వెయిటింగ్ రూములో కూర్చున్నట్టే ఉండేది. మాట్లాడితే ఏం పోతుందో నాకు అర్థమయ్యేది కాదు, ఒళ్ళు మండిపోయేది. ఆయన మాట్లాడని మాటలన్నీ దేవుడు నా నోట్లో పెట్టాడని పక్క క్వార్టర్ పెద్దమ్మ అనేది.

ఈ పెద్దమ్మ మాకు చుట్టం కాదు. వాళ్ళాయన నాన్నతోబాటు వర్క్‌షాపులోనే పనిచేసేవాడు. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల ఇల్లు, వాళ్ళు తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్ళు. అమ్మ పోయాక నాకు జడ వేసింది ఆవిడే. నాకు సీటు వచ్చింది సముద్రాల గురించి చదివే కోర్సులో అని చెబితే చేతిలో చేట కింద పెట్టేసింది.

"సముద్రం సదువుతవా? గదేం సదువే? ఇంత పెద్ద హుస్సేన్ సాగర్ పెట్టుకొని గంత దూరం పోవుడెందుకు? గిదే సదువుకోరాదు?"

"హుస్సేన్ సాగర్‌కి డిగ్రీ ఇవ్వరు పెద్దమ్మా."

"ఇయ్యకుంటే మంచిదాయె. ఇంట్ల ఉంటవ్."

నిజం చెప్పాలంటే నేను సముద్రం మీద ప్రేమతో దరఖాస్తు పెట్టలేదు. అప్పటికి సముద్రం చూడనైనా లేదు. ఆ రెండు గదుల నిశ్శబ్దానికి ఎంత దూరం పోవచ్చో అంత దూరం పోదామనుకున్నాను. తీరా సీటు వచ్చాక భయమేసింది. అడ్మిషన్ ఫారం అంతా నింపి, నాన్‌లోకల్ అని ఉన్న గడిలో టిక్కు ఆఖరున పెట్టాను. ఆ సంగతి చెప్పుకోడానికి నాకు ఎవరూ లేరు.

స్టోర్సులో సరుకు అడగడానికి వాడే పాత ఇండెంటు ఫారం ఒకటి తీసి, దాని వెనక నాన్న జాబితా రాశాడు. దాన్ని గోడకి మేకు కొట్టి తగిలించాడు. పని అయినప్పుడల్లా పక్కన టిక్కు పెట్టాలి. టీసీ, మార్కుల జాబితాలు, కాండక్టు సర్టిఫికెట్, వాటన్నిటికీ టైపు చేయించిన ట్రూ కాపీలు మూడేసి. చిలకలగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కలేదు. కాపీల మీద గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాలి. పద్మారావు నగర్లో ఒక డాక్టరుగారు పెడతారంటే మూడుసార్లు తిరిగాను. రెండుసార్లు ఆయన లేరు. మూడోసారి ఉన్నారుగానీ ఆకుపచ్చ పెన్నులో సిరా లేదు. ఆ సిరా బుడ్డి కూడా నేనే కొనుక్కొచ్చాను.

వరండాలో నా పక్కన ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. వాళ్ళమ్మ ఆ పిల్ల కాగితాలన్నీ ఒళ్ళో పెట్టుకుని, మధ్యమధ్యలో ఆ పిల్ల నుదుటి మీద జుట్టు సవరిస్తోంది. అటు చూడకూడదనుకుంటూనే చూశాను. కాగితాలు ఒక్కదాన్నే మోసుకుంటూ తిరగడం కష్టమనిపించలేదు గానీ, ఆ జుట్టు సవరింపు చూసి ఏడుపొచ్చింది.

నాన్న జాబితాలో దోమతెర ఉంది, బకెట్టు ఉంది, తాళంకప్ప ఉంది. లోపలి బట్టలు లేవు. ఆయన రాయడు, నేను చెప్పలేను. ఆఖరికి పెద్దమ్మే నన్ను మోండా మార్కెట్టుకి తీసుకెళ్ళి, దుకాణంవాడితో బేరమాడి కొనిపెట్టింది. ఆ సంచీ పట్టుకుని ఇంటికి వస్తే నాన్న "అందులో ఏముంది?" అనలేదు. జాబితాలో ఆఖరి లైను కింద ఒక ఖాళీ గీత గీసి, దాని పక్కన టిక్కు పెట్టాడు. అప్పుడు నవ్వొచ్చింది.

రేకు పెట్టె వచ్చింది. స్టీలు కంచం మీదా గ్లాసు మీదా పేరు కొట్టించడం అయింది. నాన్న స్కూలు పాస్ రాయించుకొచ్చాడు. రైల్వేవాళ్ళ పిల్లలకి చదువు కోసం ఇచ్చే ఉచిత పాస్ అది. ఇక అన్నీ అయిపోయాయనుకున్నాను. నాన్న జాబితా ముందు నిలబడి చాలాసేపు ఆలోచించి, అడుగున ఇంకో పేరు చేర్చాడు: చర్చి ఉత్తరం.

మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళకి పాస్టరు అయ్యగారు ఉత్తరం ఇస్తారు. అది రెండు రకాలు. చదువుకో, కొన్నాళ్ళ ఉద్యోగానికో వెళ్ళేవాళ్ళకి ఇచ్చేది పరిచయ పత్రం. ఫలానావారు మా సంఘస్థులు, ఆదరించండి అని నాలుగు ముక్కలు మామూలు తెల్లకాగితం మీద రాసిస్తారు. శాశ్వతంగా వెళ్ళిపోయేవాళ్ళకి ఇచ్చేది బదిలీ పత్రం. దానికి అచ్చు వేసిన ఫారం ఉంటుంది, నంబరు ఉంటుంది, సీలు ఉంటుంది.

నాన్న రెండూ చూసి ఉంటాడు. సీలు లేని కాగితాన్ని ఆయన జన్మలో కాగితం అనుకోలేదు. బడికి టీసీ ఉంది, కాలేజీకి టీసీ ఉంది, చర్చికి మాత్రం చీటీ ముక్క పట్టుకెళ్ళడమేంటి అనుకున్నాడు. అయ్యగారు ఊళ్ళో లేని రోజున వెళ్ళి, సంఘం సెక్రటరీగారిని అడిగి, నంబరూ సీలూ ఉన్న పక్కా కాగితం తెచ్చాడు. సెక్రటరీగారు రిటైరైన హెడ్‌మాస్టారు. అడిగింది ఇవ్వడం, ఇచ్చింది పుస్తకంలో ఎక్కించడం తప్ప ఎందుకని అడగరు. కాగితాల మనిషికి కాగితాల మనిషి దొరికాడు. నాన్న ఇంటికి వచ్చి ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, టిక్కు పెట్టాడు. నేను చదవనైనా చదవలేదు.

ఆ వచ్చిన ఆదివారం జూలై నెల మొదటి ఆదివారం. బుధవారం నా ప్రయాణం.

మొదటి ఆదివారం మా చర్చిలో ఆ నెల పుట్టినరోజుల వాళ్ళ పేర్లు చదువుతారు. పేరు పిలవగానే లేచి నిలబడాలి. అందరూ లేచాక ముందుకు వెళ్ళి కానుక వేస్తే, అయ్యగారు ప్రార్థన చేస్తారు, సంఘమంతా దీవెన పాట పాడుతుంది. నాది జూలై. చిన్నప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని తనూ లేచేది. మా చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు కాబట్టి అమ్మ పోయాక నేను ఒక్కదాన్నే లేచేదాన్ని. నడవకి అవతల నాన్న పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చునేవాడు. ఒక్కసారి తలెత్తితే బావుండునని ప్రతి జూలైలోనూ అనుకునేదాన్ని. అయినా ఆ ఒక్క నిమిషం నాకు కావాలి. ఏడాది పొడుగునా మా ఇంట్లో ఎవరూ పిలవని నా పేరుని ఏడాదికొకసారి అక్కడ గట్టిగా పూర్తిగా పిలిచేవాళ్ళు. వెళ్ళిపోయేముందు దాన్ని చెవులారా విని వెళదామని ఆ రోజు అమ్మ చీర కట్టుకుని వెళ్ళాను.

సెక్రటరీగారు కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు. పేర్లు పుట్టిన తేదీల వరసలో ఉంటాయి. నా ముందు ఉండేది ఒక ముసలాయన పేరు, నాకు కంఠతా వచ్చు. ఆ ముసలాయన లేచాడు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని సగం లేచాను. సెక్రటరీగారు నా తర్వాతి పేరు చదివారు. తర్వాతి పిల్ల లేచింది. ఆ తర్వాత ఇంకో పేరు. జాబితా అయిపోయింది.

నేను నిలబడాలో కూర్చోవాలో తెలియక వంగి ఉండిపోయాను. పక్కనున్నావిడ నా మోచెయ్యి పట్టి కిందికి లాగింది. నడవకి అవతలికి చూశాను. నాన్న తల వంచుకుని పాటల పుస్తకం చూస్తున్నాడు. ఆయన విన్నాడు, నాకు తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి. కానీ లేవలేదు, నావైపు చూడలేదు.

బయటికి వచ్చాక నేనే వెళ్ళి అడిగాను. సెక్రటరీగారు కోప్పడలేదు, లోపలికి తీసుకెళ్ళి సభ్యుల పుస్తకం తెరిచి చూపించారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. మా పేజీలో మూడు పేర్లు. పైన నాన్నది. దాని కింద అమ్మది, పక్కన ఎర్ర సిరాతో 'ప్రభువునందు నిద్రించెను' అని ఉంది. దాని కింద నాది. దాని మీద స్కేలు పెట్టి గీత కొట్టి, పక్కన 'వాల్తేరుకు బదిలీ' అని రాశారు. గీత చాలా నీటుగా ఉంది.

వెనకాలే వచ్చిన నాన్న మెల్లగా అన్నాడు. "మేం కాగితం అడిగామండీ. పేరు తీసెయ్యమని కాదు."

"బదిలీ పత్రం ఇచ్చాక పేరు ఉంచకూడదండీ. ఒక మనిషికి రెండు సంఘాల్లో సభ్యత్వం ఎట్లా కుదురుద్ది? పొరపాటైతే ఆ కాగితం తిరిగి ఇవ్వండి, కమిటీలో పెడతాం. కమిటీ నెలాఖరున."

"ఇప్పుడే తెచ్చి ఇచ్చేస్తాను" అన్నాను నేను.

నాన్న నావైపు చూడకుండా, "మరి అక్కడికి సీలున్న కాగితం లేకుండా ఎట్లా వెళ్తావు? నెలాఖరు దాకా నీ పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు కదా" అన్నాడు.

ఇంటిదాకా ఎట్లాగో ఓర్చుకున్నాను. ఇంట్లోకి వచ్చి తలుపు వేశాక మాత్రం ఆగలేకపోయాను.

"ఇంట్లో ఉండేదే ఇద్దరం. అందులో ఒకదాన్ని నువ్వే కొట్టేయించి వచ్చావు. పక్కా కాగితం కావాలా నీకు? పెట్టుకో. నా పేరు రాలేదని విన్నావు కదా? ఒక్క మాట అడగలేవా? అమ్మైతే లేచి అడిగేది!"

ఆయన అన్నం వండడానికి బియ్యం చేటలో పోసుకున్నాడు. ఆ బియ్యం ఏరుతూనే ఉన్నాడు. ఏరినవే మళ్ళీ ఏరాడు. నేను మంచం మీద అటు తిరిగి పడుకున్నాను. అంత కోపంలోనూ ఆయన ఏదో ఒకటి అంటాడని చెవులు రిక్కించి ఎదురుచూశాను. స్టవ్వు వెలిగించిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాతి మూడు రోజులూ మేం ఒకే గదిలో సామాను సర్దాం. నేను బట్టలు మడతపెడితే ఆయన పెట్టెలో పేర్చేవాడు. పెద్దమ్మ సకినాలు చేసి రేకు డబ్బాలో పోసుకొచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఏందీ, పెండ్లికి పోతున్నరా, సావుకి పోతున్నరా? జెర నవ్వున్రి" అని కేకలేసింది. నాన్న నవ్వబోయాడు. నేను నవ్వలేదు. ఆవిడ వెళ్ళిపోయాక ఇల్లు ఇంకా ఖాళీగా అనిపించింది. ఇంకా వెళ్ళకముందే నేను లేని ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు కనిపించడం మొదలైంది. గోడ మీద జాబితాలో అన్నిటికీ టిక్కులు పడ్డాయి.

మంగళవారం సాయంత్రం నాన్న వర్క్‌షాపు నుంచి తెల్ల రంగు, సన్న కుంచె తెచ్చి పెట్టె మూత మీద నా పేరు రాశాడు. ఆయన చేతిరాత అచ్చులా ఉంటుంది. పేరు కింద వాల్తేరు హాస్టలు అడ్రసు రాస్తాడనుకున్నాను. లాలాగూడ అని రాసి, మా క్వార్టరు నంబరు వేశాడు.

ఉండబట్టలేక అన్నాను. "వెళ్ళే ఊరు కదా రాయాల్సింది?"

"వెళ్ళేటప్పుడు నువ్వు పక్కనే ఉంటావు. తప్పిపోతే ఇంటికి రావాలి కదా."

పెట్టె గురించే అన్నాడనుకున్నాను. రంగు ఆరేదాకా ఆయన దాని పక్కనే కూర్చుని ఈగలు తోలాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను. ఇప్పుడైతే ఆ పక్కనే ఒక పీట వేసుకుని కూర్చునేదాన్ని.

బుధవారం సాయంత్రం వాల్తేరు బండి ఎక్కాను. నాన్న పెట్టెని బెర్తు కిందికి తోసి, గొలుసు వేసి తాళం పెట్టి, రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ప్లాట్‌ఫారం మీద కిటికీ దగ్గర నిలబడి, "పాస్ ఎక్కడుంది?" అన్నాడు. చూపించాను. "చర్చి ఉత్తరం?" అన్నాడు. పెట్టెలో ఉందన్నాను. బండి కదిలింది. వెళ్ళొస్తాను నాన్నా అనాలని ఉంది. నోరున్న పిల్లనని పేరు, ఆ ఒక్క మాటా రాలేదు.

వాల్తేరులో అందరూ చెప్పే సముద్రం ఉంది. మొదటిసారి చూసినప్పుడు ఎంత బావుందో పక్కనున్న వాళ్ళకి చెప్పబోయి, పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి ఊరుకున్నాను. నా మాటలో అక్కడక్కడా దొర్లే సికింద్రాబాదు యాసకి హాస్టలు పిల్లలు నవ్వేవాళ్ళు. ఇంటి దగ్గర మమ్మల్ని ఆంధ్రావాళ్ళనేవారు, ఇక్కడ హైదరాబాదీ అన్నారు. నా పెట్టె మీద అడ్రసు చూసి, ఏ క్షణాన ఇంటికి పారిపోవాలో అని ముందే రాసుకొచ్చిందన్నారు.

కొండ కింద ఒక చర్చి ఉంది. ఆదివారాలు వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. బదిలీ పత్రం ఇస్తే వాళ్ళు పేరు రాసుకునేవాళ్ళు. ఇవ్వలేదు. ఇస్తే ఆ గీతకి నేను ఒప్పుకున్నట్టవుతుందని పంతం. పోనీ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు సెక్రటరీగారికి తిరిగిచ్చానా అంటే అదీ లేదు. కొట్టేయించినవాడే వెళ్ళి రాయించాలి, నేనెందుకు బతిమాలుకోవాలి అనుకున్నాను. నాన్న ప్రతి కార్డులోనూ ఆఖరి వాక్యంగా 'చర్చి ఉత్తరం ఇచ్చినావా' అని రాసేవాడు. నేను హాస్టలు భోజనం గురించీ పరీక్షల గురించీ జవాబు రాసి, ఆ వాక్యాన్ని వదిలేసేదాన్ని. అట్లా ఏ పుస్తకంలోనూ పేరు లేకుండా ఏడాది దాటిపోయింది.

నేను వెళ్ళిన మరుసటి ఏడు పరీక్షలు వాయిదా పడి జూలై నెలలో ఇంటికి వెళ్ళడం పడలేదు. దసరా సెలవులకి వెళ్ళాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర సెక్రటరీగారు నన్ను ఆపారు. నాన్న కాస్త దూరంలో సైకిలు తాళం తీస్తున్నాడు.

"ఏమ్మా, ఆ కాగితం అక్కడ ఇచ్చావా, లేదా? ఏదో ఒకటి తేల్చమ్మా. మీ నాన్నగారితో నాకు పెద్ద చిక్కొచ్చి పడింది."

"ఏం చిక్కండీ?"

"మొన్న జూలైలో నేను పుట్టినరోజుల పేర్లు చదివేశాను. జాబితా అయిపోయింది. ఈయన లేచి నిలబడ్డారు. పొరపాటున లేచారనుకుని అయ్యగారు, మీది డిసెంబరు కదండీ, కూర్చోండి అన్నారు. కూర్చోలా. నాది కాదండీ, మా అమ్మాయిది, తను ఊళ్ళో లేదు, తన బదులు నిలబడ్డాను అన్నారు. పుస్తకంలో లేని పేరుకి ఎట్లాగండీ అని నేనూ అన్నాను. అయినా అట్లాగే నిలబడి ఉన్నారు. చర్చంతా చూస్తోంది. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి, నీ పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పి, ప్రార్థన చెయ్యండి అయ్యగారూ అన్నారు. ఇంకేం చేస్తారు, చేశారు."

నాన్న సైకిలు పట్టుకుని, నేను వస్తున్నానో లేదో చూడకుండా, నెమ్మదిగా నడిపించుకుంటూ ముందుకు వెళుతున్నాడు. ఇంట్లో ఆయన నాతో ఈ సంగతి చెప్పలేదు. కార్డులోనూ రాయలేదు.

ఆ జూలై మొదటి ఆదివారం నాకు బాగా గుర్తుంది. వాల్తేరులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరని ఆ రోజు నేను చర్చికి వెళ్ళలేదు. హాస్టలు కుళాయి దగ్గర కూర్చుని, ఈ లోకంలో నా పేరు తలుచుకునే మనిషి ఒక్కరూ లేరని ఏడుస్తూ, దుప్పటి ఉతుక్కున్నాను.